పట్నం ఎక్కడుంది? గద్వాల నుండి చాదర్‌ఘాట్ మీదుగా మాదాపూర్ దాకా

మా వయసు సాఫ్ట్‌వేరు వాళ్ళు నలుగురు ఒకచోట చేరితే జీతాల తర్వాత వచ్చే రెండో టాపిక్ ఇదే: సిటీలో ఉండాలా, శివార్లలో ఉండాలా? ఇద్దరు సిటీ అంటారు, ఇద్దరు తెల్లాపూర్ అంటారు, ఇంతలో కాఫీ చల్లారిపోతుంది. ఎవరో ఒకరు అమెరికా సిద్ధాంతం తెస్తారు. 2002లో రిచర్డ్ ఫ్లోరిడా అనే ఆయన ఒక పుస్తకం రాశాడు. చదువుకున్న కుర్రకారుకి కావలసింది జనం తిరిగే వీధులు, హోటళ్ళు, పాటకచేరీలు, రకరకాల మనుషులు, అందుకే వాళ్ళు నగరాల మధ్యలోకి వస్తారు, వాళ్ళ వెనకాలే కంపెనీలూ వస్తాయి అని దాని సారాంశం. పెళ్ళయి పిల్లలు పుడితే పెరడు, గ్యారేజీ, మంచి స్కూలు కోసం శివారుకి పోతారన్నది దానికి జోడీగా వినిపించే రెండో ముక్క.

దీన్ని తెచ్చి హైదరాబాదుకి అతికిద్దామంటే అతకదు. అక్కడి లెక్కలో ఉద్యోగం ఊరి మధ్యలో ఉంటుంది, ప్రశాంతత శివార్లలో ఉంటుంది. మన దగ్గర ఉద్యోగమే శివారులో ఉంది. కుర్రాళ్ళు మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్‌లకి ప్రశాంతత కోసం పోలేదు (పోయినవాళ్ళకి దొరకనూ లేదు). కాబట్టి మన సంగతి మన చరిత్రలోనే వెతుక్కోవాలి. నాది గద్వాల. పాలమూరు మూలనుంచి చూస్తే ఈ కథ కొంచెం వేరుగా కనిపిస్తుంది, అందుకని అక్కడినుంచే మొదలుపెడతాను.

మొదటి సంగతేంటంటే, ఒకప్పుడు చదువుకున్నవాళ్ళు గద్వాలకి వచ్చేవాళ్ళు. ఇప్పుడు చెప్తే మా ఊరివాళ్ళే నవ్వుతారు. సోమనాద్రి అని మేము పిలుచుకునే పెద్ద సోమభూపాలుడు కట్టించిన కోట, దాని చుట్టూ పెరిగిన సంస్థానం పండితులకి ఎంత పేరుపడిందంటే ఊరికే "విద్వద్గద్వాల" అని బిరుదొచ్చింది. కార్తీక మాఘ మాసాల్లో సభలు జరిగేవి. ఎక్కడెక్కడి పండితులో వచ్చి పద్యం చెప్పి, శాస్త్రం వాదించి, సంభావన పట్టుకుని పోయేవాళ్ళు. తిరుపతి వెంకట కవులంతటి వాళ్ళు కోస్తా నుండి బయల్దేరి గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు తిరిగారు. వాళ్ళ అవధానాన్ని ఇప్పటి టెక్నికల్ రౌండుతో పోలిస్తే పెద్దలు కోప్పడతారు గానీ, పని మాత్రం అలాంటిదే. అక్కడికక్కడ ప్రశ్న, అక్కడికక్కడ జవాబు, బాగుంటే ఆఫరు :-)

ఐతే ఆ ఏర్పాటులో ఒక లోపం ఉంది. ఊళ్ళో యజమాని ఒక్కడే. రాజుగారి దర్శనం దొరక్కపోతే, దివాణంలో ఎవరికైనా గిట్టకపోతే, పండితుడు మూట సర్దుకుని ఇంకో సంస్థానానికి పోవాల్సిందే. పక్కవీధిలో ఇంకో రాజు ఉండడు కదా. ప్రతిభ ఉన్నవాడిని ఒక ఊరు రప్పించుకోగలదు. కానీ వాడు అక్కడ వేళ్ళూనాలంటే ఒక పని పోతే ఇంకో పని అదే ఊళ్ళో దొరకాలి. గద్వాలలో ఆ రెండోది ఎప్పుడూ లేదు. 1949లో జాగీర్దారీ రద్దుతో సంస్థానాలు పోయాక మొదటిదీ పోయింది. కోటలో ఇప్పుడు మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరున డిగ్రీ కాలేజీ ఉంది. అక్కడ డిగ్రీ చేసినవాళ్ళు మర్నాడే హైదరాబాదు బస్సెక్కుతారు. వనపర్తిలో ఇంకా తమాషా. రాజుగారి ప్యాలెస్ 1959లో పాలిటెక్నిక్ కాలేజీ అయింది. రాజా రామేశ్వరరావు గారు పాలమూరు ఎంపీగా ఉంటూనే హైదరాబాదు హిమాయత్‌నగర్ కేంద్రంగా ఓరియెంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థని నడిపించారు. రాజులే పట్నం పోయినప్పుడు ప్రజల సంగతి చెప్పేదేముంది.

ఇంతకీ మా వాళ్ళకి పట్నమంటే మొదటినుంచీ హైదరాబాదేనా అంటే అదీ కాదు. గద్వాల నుండి హైదరాబాదు దాదాపు 190 కిలోమీటర్లు. కర్నూలు దానికి మూడో వంతు దూరం కూడా లేదు, తుంగభద్ర దాటితే చాలు. నది ఇవతల నిజాం రాజ్యం, అవతల మద్రాసు ప్రెసిడెన్సీ. గద్వాల సీమలోని ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డి గారు (1896–1953) కర్నూలులో చదువుకుని, తర్వాత మద్రాసులో బి.ఏ., బి.ఎల్. చేశారు. అంతా అయ్యాక ఆయన మద్రాసులో స్థిరపడొచ్చు, కర్నూలులో ప్లీడరీ చేసుకోవచ్చు. హైదరాబాదు వచ్చారు. 1926 మే 10న గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. (అన్నట్టు 1953 నుండి 1956 దాకా కర్నూలు ఏకంగా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. అంటే ఆ మూడేళ్ళు మా ఊరికి కూతవేటు దూరంలో పక్క రాష్ట్రం రాజధాని ఉండేది. మా తాతల తరం దాన్ని కూరగాయల సంతకి తప్ప ఇంకెందుకూ వాడుకున్నట్టు లేదు.)

ప్రతాపరెడ్డి గారు వచ్చిన హైదరాబాదు ఏది? చార్మినార్ చుట్టూ ఉన్న హైదరాబాదు కాదు. అసలు కథ ఇక్కడుంది.

ప్రాకారం లోపలి నగరానికి మూసీ అవతల, ఉత్తరం వైపు చాదర్‌ఘాట్. ఆనకట్ట మీంచి నీళ్ళు చద్దరు పరిచినట్టు పారేవని ఆ పేరొచ్చిందంటారు. 1800ల మొదట్లో కిర్క్‌పాట్రిక్ అక్కడ బ్రిటిష్ రెసిడెన్సీ కట్టించాడు. కోఠిలో స్తంభాలతో ఉండే ఆ తెల్ల భవనమే, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం. దాని చుట్టూ రెసిడెన్సీ బజార్లు వెలిశాయి. ఇవి నిజాం రాజ్యం మధ్యలో ఉన్నా పెత్తనం మాత్రం రెసిడెంటుది. షాహుకార్లు అక్కడ చేరారు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ ఉత్తరాది నుండి చదువుకున్నవాళ్ళని పిలిపించి కొత్త శాఖలు పెట్టినప్పుడు, ఆ కొత్త ఉద్యోగుల తరం కూడా ప్రాకారం లోపల ఇరుక్కోకుండా ఎక్కువగా ఇటువైపే ఇళ్ళు చూసుకుంది. 1886లో చాదర్‌ఘాట్ శివారు ప్రాంతానికి విడిగా మునిసిపాలిటీ వచ్చింది. తర్వాత నిజాం కాలేజీగా మారిన కాలేజీని మొదలుపెట్టిన అఘోరనాథ చట్టోపాధ్యాయ ఇల్లు, అంటే సరోజినీ నాయుడు గారి పుట్టింటివాళ్ళ ఇల్లు, నాంపల్లిలో. అదీ ప్రాకారం బయటే.

అంటే ఇవాళ మనం "పాత సిటీ సెంటర్" అని నిట్టూర్చే కోఠి, ఆబిడ్స్, నారాయణగూడ, కాచిగూడ అన్నీ ఒకప్పటి శివార్లే. అప్పటి చదువుకున్న కుర్రాళ్ళు సిటీని కాదని శివారుని ఎంచుకున్నారు. మనమేదో మొదటిసారి చేశామనుకుంటున్నాం!

ఎందుకు ఎంచుకున్నారు? గాలీ వెలుతురూ ఒక కారణమే. 1908 సెప్టెంబరు 28 మూసీ వరదలో వేలమంది పోయారు. ఆ తర్వాత ప్లేగు, ఇన్‌ఫ్లుయెంజా. 1911 లెక్కల్లో దాదాపు 5 లక్షలున్న జనాభా 1921కి దాదాపు 4 లక్షలకి దిగిపోయింది. 1912లో వేసిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలు కొట్టి రోడ్లు వేసింది. మరి ఊరు అంత చిక్కిపోయిన పదేళ్ళలో తెలుగువాళ్ళ సంస్థలు ఎలా పెరిగాయో చూస్తే గాలీ వెలుతురూ ఒక్కటే సరిపోవని తెలుస్తుంది.

రెండో కారణం చట్టం. రెసిడెన్సీ బజారులో నిజాం ప్రభుత్వపు ఆంక్షలు అంతగా అంటవు. మిగతా రాజ్యంలో సభ పెట్టాలంటే అనుమతి, "గస్తీ నిషాన్ 53" అనే ఉత్తర్వు పేరు చెప్తే పాతతరం వాళ్ళు ఇప్పటికీ ముఖం చిట్లిస్తారు. 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలైంది ఈ రెసిడెన్సీ బజారులోనే, రావిచెట్టు రంగారావు గారింట్లో. కొమర్రాజు లక్ష్మణరావు గారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు వెనక ఉన్నారు. తెలుగు పుస్తకాలు, పత్రికలు ఒకచోట పెట్టి చదువుకోమనడం అప్పట్లో ఇక్కడ చిన్న పని కాదు. 1921 నవంబరులో ఇక్కడికి దగ్గర్లోనే వివేకవర్ధిని హాలులో జరిగిన సంఘసంస్కార సభలో, పాలమూరు ప్రాంతపు వకీలు ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే సభలోవాళ్ళు గేలి చేశారు. ఆ రాత్రే కొందరు టేకుమాల రంగారావు గారింట్లో కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. సభలో అవమానం, ఆ సాయంత్రమే ఇంకొకరింట్లో కూడిక. అందరూ నడిచిపోయే దూరంలో ఉన్నారు కాబట్టే అది ఆ రాత్రికి అయింది. ఇవాళ మియాపూర్ వాడూ ఎల్బీనగర్ వాడూ అవమానపడితే వాట్సాప్ గ్రూపు పెట్టుకుంటారు, మూడోరోజుకి అందులో గుడ్ మార్నింగ్ బొమ్మలు వస్తాయి.

మూడోది మంచం. దీని గురించి చరిత్ర పుస్తకాల్లో తక్కువ రాస్తారు, నాకు మాత్రం ఇదే అన్నిటికన్నా పెద్దది. ఊరినుంచి వచ్చిన కుర్రాడికి మొదటి రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది సమస్య. వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టి హైదరాబాదు కొత్వాలు పదవిదాకా ఎదిగిన రాజబహద్దూర్ వెంకటరామారెడ్డి గారు 1918లో రెడ్డి హాస్టల్ స్థాపనకి ముందు నిలబడ్డారు. ప్రతాపరెడ్డి గారు గోలకొండ పత్రికకి ముందు ఆ హాస్టల్ బాధ్యతలే చూశారు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చింది ఈ మనిషే. పల్లెనుంచి వచ్చిన పిల్లలకి బువ్వ, పడక చూసినవాడికి పల్లెల్లో ఎవరెవరు రాస్తున్నారో తెలియడంలో వింతేముంది?

కాచిగూడ స్టేషను 1916లో కట్టారు. మీటరుగేజి రోజుల నుండీ గద్వాల వైపు బండి దిగేది అక్కడే. దిగి సంచీ భుజానేసుకుని నడిస్తే సుల్తాన్‌బజారు, ఇంకొంచెం పోతే బొగ్గులకుంట. ఇంకోవైపు నారాయణగూడ, అక్కడ మాడపాటి హనుమంతరావు గారు 1928లో పెట్టిన తెలుగు బాలికల పాఠశాల. స్టేషను, హాస్టలు, గ్రంథాలయం, అచ్చాఫీసు, కోర్టు పని, కాలేజీ అన్నీ కలిపి ఒక పూటలో కాళ్ళతో చుట్టిరావచ్చు. ఒక పని పోతే ఇంకో పని అదే చుట్టుపక్కల దొరుకుతుంది. గద్వాల సంస్థానానికి లేనిది ఇదే. 1933లో రెసిడెన్సీ బజార్లు తిరిగి నిజాం చేతికి వచ్చి సుల్తాన్‌బజారయ్యాయి, అదే ఏడు చాదర్‌ఘాట్ మునిసిపాలిటీ కూడా హైదరాబాదులో కలిసిపోయింది. శివారు కాస్తా కాగితాల మీద సిటీ అయింది.

ఐతే ఇదంతా తల్చుకుని మురిసిపోయేముందు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఆ మంచం అందరికీ లేదు. హాస్టలు పేరులోనే కులం ఉంది. రెడ్డి హాస్టల్ తర్వాత ఒక్కో కులం తన పిల్లల కోసం తనకో హాస్టలు కట్టుకుంది. కట్టుకోగలిగినవాళ్ళు కట్టుకున్నారు. అదే కోఠి దగ్గర ఇసామియా బజారులో, అవే సంవత్సరాల్లో, భాగ్యరెడ్డివర్మ గారు (1888–1939) దళితుల పిల్లలకి బడి పెట్టాల్సి వచ్చింది. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవన్ కట్టాల్సి వచ్చింది. పక్కపక్క వీధులే. కృష్ణదేవరాయల పేరున గ్రంథాలయం ఉన్నంత మాత్రాన గద్వాల మాలవాడ కుర్రాడికి 1920లో పట్నం తలుపు తెరుచుకున్నట్టు కాదు.

తర్వాతి నలభై ఏళ్ళు త్వరగా చెప్పేస్తాను. 1956 తర్వాత గవర్నమెంటు ఉద్యోగాలు, వాటి చుట్టూ విద్యానగర్, నల్లకుంట, బర్కత్‌పుర. 1960లలో బాలానగర్లో ఐడీపీఎల్, రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1967లో ఈసీఐఎల్. ఇంజినీర్లు శివారుకి పోవడం సాఫ్ట్‌వేరుతో మొదలవలేదు, ఈ టౌన్‌షిప్పులతో మొదలైంది. కంపెనీ క్వార్టరు, కంపెనీ బడి, కంపెనీ ఆస్పత్రి, కంపెనీ బస్సు. హాయిగానే ఉండేది గానీ మళ్ళీ యజమాని ఒక్కడే, సంస్థానం లాగ. 1974లో పెట్టిన సెంట్రల్ యూనివర్సిటీ మొదట సరోజినీ నాయుడు గారి ఇంట్లోనే నడిచి, తర్వాత గచ్చిబౌలి రాళ్ళ మధ్యకి పోయింది. ఊరు ఎటు జరగబోతోందో చెప్పినట్టు.

1998 నవంబరులో వాజపేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించారు. మాదాపూర్ ఎందుకు? ప్రభుత్వ భూమి ఉంది, చవక, రాళ్ళూ రప్పలూ. ఐతే చాదర్‌ఘాట్ కథ తెలిసినవాళ్ళకి ఇంకోటి కనిపిస్తుంది. 2001లో ఈ ప్రాంతానికి విడిగా సైబరాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ పెట్టారు. 2003లో విడిగా సైబరాబాద్ పోలీసు కమిషనరేట్. తర్వాత సెజ్‌లు, వాటికి వేరే పన్ను లెక్కలు. 2007లో 12 మునిసిపాలిటీలని కలిపి జీహెచ్ఎంసీ చేశాక గానీ ఇదంతా కాగితాల మీద సిటీ కాలేదు. సరిగ్గా 1886 నుండి 1933 దాకా జరిగిందే. ముందు వేరే చట్టం ఉన్న శివారు, తర్వాత అక్కడికి జీతాలు, వాటి వెనక కుర్రాళ్ళు, చివర్న మునిసిపాలిటీ విలీనం. కాకపోతే అప్పుడు యాభై ఏళ్ళు పట్టింది, ఇప్పుడు పదేళ్ళలోపే అయిపోయింది.

ఒక తేడా మాత్రం పెద్దది. రెసిడెన్సీ బజారులో దొరికిన వెసులుబాటుతో మనవాళ్ళు గ్రంథాలయం, సంఘం పెట్టుకున్నారు. మాదాపూర్లో దొరికిన వెసులుబాటుతో ఆఫీసులు, వాటి కింద ఫుడ్ కోర్టులు పెట్టుకున్నాం. ఇక్కడ యజమానులు వందల్లో ఉన్నారు కాబట్టి సంస్థానం లోపం లేదు. ఒక కంపెనీ తీసేస్తే ఎదురు బిల్డింగులో ఇంటర్వ్యూ. కానీ పని అయ్యాక పోవడానికి మాల్ తప్ప ఇంకో చోటు చెప్పమంటే తడుముకోవాలి. మా చిన్నాయన 1980లలో కాచిగూడలో గది తీసుకుని చదువుకున్న మనిషి. నల్లగండ్లలో పద్దెనిమిదో అంతస్తులో ఉన్న మా అన్న ఫ్లాటు చూసొచ్చి, "ఇదేం పట్నం రా, గద్వాలల సాయంత్రం కోట దిక్కు పోతే నలుగురు కనబడ్తరు, ఈడ లిఫ్టుల కూడ ఫోనే చూస్తరు" అన్నాడు. మా వదిన ఒప్పుకోలేదు. "మామా, పిల్లోడు కింద సైకిలు తొక్కుతాడు, కారొస్తదని భయం లేదు. కాచిగూడల తొక్కనిస్తవా?" అంది. ఇద్దరి మాటా నిజమే. ఇరవై ఆరేళ్ళ వాడికి కావలసిన పట్నం, మూడేళ్ళ పిల్లాడి తల్లికి కావలసిన పట్నం ఒకటి కాదు. ఫ్లోరిడా గారి సిద్ధాంతం మన దగ్గర కొద్దిగా పనికొచ్చేది ఈ ఒక్కచోటే.

ఇక ఆ మంచం సంగతి. కాచిగూడ హాస్టళ్ళ పని తర్వాత అమీర్‌పేట తీసుకుంది. మైత్రీవనం చుట్టూ కోచింగు సెంటర్లు, గదికి నాలుగు మంచాలు, నెలకింతని. అక్కడినుంచి అది మాదాపూర్, గచ్చిబౌలి పీజీ హాస్టళ్ళకి పాకింది. వాటి సాంబారు గురించి ఎంత తక్కువ మాట్లాడుకుంటే అంత మంచిది. కానీ నా పాత రూమ్మేటు ఒకడున్నాడు, మా పాలమూరు వాడే. నేనెప్పుడు సిటీ గొప్పలు చెప్పినా నన్ను ఆపేవాడు. వాడు సిటీలోని పాత కాలనీల్లో వరసగా ఇళ్ళు చూశాడు. ప్రతిచోటా జీతమెంత అని అడగకముందే "ఇంటిపేరేంటి, మీరేమిట్లు" అని అడిగారు. వాడు దాచకుండా చెప్పాడు. ఆ తర్వాత ఇల్లు వేరేవాళ్ళకి ఇచ్చేశామని ఫోన్లు వచ్చాయి, కొందరు ఫోను కూడా చెయ్యలేదు. మాదాపూర్ పీజీలో ఆధార్ కార్డు జిరాక్సు, అడ్వాన్సు, అంతే. "మీ గ్రంథాలయం నీకుంచుకో, నాకు మంచం ఇచ్చింది ఇదిరా" అన్నాడు. గాలీ వెలుతురూ, కెఫేలూ, మెట్రోలూ పెట్టి రాసే వ్యాసాల్లో ఈ లెక్క ఎక్కడా ఉండదు. శివారులో నిన్నెవరూ ఎరగరు అనేది మా చిన్నాయనకి లోటు, మా రూమ్మేటుకి అదే ఊపిరి.

నేను మాత్రం ప్రస్తుతానికి నారాయణగూడలో ఉంటున్నాను. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుండి ఎంజీబీఎస్ దాకా మెట్రో మొదలైంది కాబట్టి ఇది సాధ్యమైంది. పరేడ్ గ్రౌండ్ దగ్గర ఒకసారి మారి, రాయదుర్గం చేరేసరికి తలుపునుంచి తలుపుకి గంటన్నర. అటూ ఇటూ రోజుకి మూడు గంటలు. మేనేజరు వారానికి మూడురోజులు ఆఫీసుకి రమ్మన్నంతవరకూ నడుస్తుంది, ఐదురోజులంటే నేనూ ఏ కొండాపూర్లోనో గది వెతుక్కోవాలి. శనివారాలు గద్వాల నుండి మా నాయన పంపిన పల్లీల సంచీ తెచ్చుకోవడానికి కాచిగూడ స్టేషనుకి నడిచే పోతాను. తుంగభద్ర ఎక్స్‌ప్రెస్ దిగే కుర్రాళ్ళలో చాలామంది బయటికి రాగానే గచ్చిబౌలికి క్యాబ్ బుక్ చేసుకుంటారు.